తండ్రి హత్యను కళ్ళారా చూసిన పిల్లవాడికి ఇంటివాళ్ళు చేయగలిగింది ఏమిటి?

మీరు రాసిన సంగతిని ముందు నాకు అర్థమైన మేరకు చెప్పుకొని, ఆ తరువాత జవాబుకు వస్తాను. పరకాల వైపు ఊళ్ళో గెట్టు పంచాయితీ ముదిరి, నాలుగు నెలల కింద మీ బావగారిని పాలివాళ్ళే పొలం దగ్గర కొట్టి చంపారు. తొమ్మిదేళ్ళ మీ మేనల్లుడు అప్పుడు బోరు మోటరు దగ్గరే ఉండి అంతా చూశాడు, తలకొరివీ వాడే పెట్టాడు. ఐదేళ్ళ మేనకోడలికి మాత్రం బాపు దుబాయి పోయిండని చెప్పి ఉంచారు. నిందితులు ప్రస్తుతం జైల్లో ఉన్నారు. మీ చెల్లెలూ పిల్లలూ హనుమకొండలో మీ ఇంట్లో ఉంటున్నారు. పిల్లవాడు తండ్రి మాట ఎత్తడం లేదు, ఫొటో ఉన్న గదిలోకి పోవడం లేదు, రాత్రి పక్క తడుపుతున్నాడు, బడిలో తోటి పిల్లలను కొడుతున్నాడు, ఎక్కడ మోటరు చప్పుడైనా ఉలిక్కిపడుతున్నాడు. వాడు ఇదంతా మరిచిపోవాలంటే ఏం చేయాలి, చిన్నదానికి ఎప్పుడు చెప్పాలి, గురుకులంలో వేస్తే తేరుకుంటాడా, కోర్టుకు పోవలసి వస్తే ఎట్లా అన్నవి మీ ప్రశ్నలు.

వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే పిల్లలకు మానసిక చికిత్స చేయడం చాలా ఏళ్ళుగా నా వృత్తి. ఇట్లాంటి చావు జరిగిన ఇళ్ళలో దాదాపు అందరూ మొదట అడిగేది మీరు అడిగిందే: వీడు మరిచిపోయేటట్లు చేయండి. నేను చూసినంతలో మీ మేనల్లుడి వంటి పిల్లల కష్టం దీనికి తలకిందులుగా ఉంటుంది. వాడు తండ్రిని తలుచుకోలేకపోతున్నాడు. మామూలు దుఃఖంలో పిల్లవాడు బాపు భుజాల మీద కూర్చొని మేడారం జాతరకు పోయిన రోజు గుర్తొచ్చి ఏడుస్తాడు, ఏడ్చి కాస్త తేలికపడి ఆటకు పోతాడు, మళ్ళీ వచ్చి ఏడుస్తాడు. మీవాడు ఆ జాతరను తలుచుకోబోతే మనసు నేరుగా పొలం గట్టు మీదికి పోయి అక్కడే ఆగుతున్నది. అందుకే ఫొటో గది వైపు పోడు. చావు జరిగిన తీరు చనిపోయిన మనిషిని గుర్తు చేసుకోనీయకుండా అడ్డం నిలబడే ఈ స్థితిని మా వృత్తిలో ఆఘాత శోకం అంటాం. చికిత్స అంతా ఆ అడ్డు తొలగించడానికే. ముందు భయం సంగతి చూడాలి, తరువాత దుఃఖానికి చోటు ఇవ్వాలి. ఈ వరుస తప్పితే ఎంత ఓదార్చినా పిల్లవాడికి చేరదు.

వాడు ఎప్పుడు, ఎక్కడ ఉలిక్కిపడుతున్నాడో, ఎప్పుడు ఎవరిని కొడుతున్నాడో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుమని మీ చెల్లెలికి చెప్పండి. రెండు వారాలు రాస్తే అందులో మూడు రకాల సంగతులు విడివిడిగా కనబడతాయి. మోటరు చప్పుడు, తడి మట్టి వాసన, గొంతు పెంచి తిట్టుకునే మగవాళ్ళు, ఇవి ఆ ఘటనను గుర్తుకు తెచ్చేవి. బడి గేటు దగ్గర తోటి పిల్లల తండ్రులు బండ్ల మీద నిలబడి ఉండడం, అన్నం దగ్గర ఖాళీగా ఉన్న చోటు, ఇవి తండ్రి లేని లోటును గుర్తుకు తెచ్చేవి. కొత్త ఇల్లు, కొత్త బడి, బోసిగా ఉన్న అమ్మ చేతులు, ఇవి బతుకు మారిపోయిందని గుర్తు చేసేవి. మీ చెల్లెలికి గాజులు, మెట్టెలు తీసిన తంతును పిల్లలు చూసి ఉంటే దాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. పెద్దలకు అది ఆచారం, తొమ్మిదేళ్ళవాడికి అమ్మను కూడా ఎవరో ఏదో చేస్తున్నారన్న భయం. వాడు తోటివాళ్ళను కొట్టిన రోజుల్లో ఏం జరిగిందని ఆరా తీస్తే, "గుండు ఎందుకు చేయించుకున్నవురా" అనో, "మీ బాపును సంపిన్రట గదా" అనో ఎవరో అన్న రోజులే ఎక్కువ ఉంటాయని నా అంచనా. టీచరమ్మకు ఈ సంగతి ముందే చెప్పి పెట్టండి. కొట్టడం తప్పని వాడికి చెప్పవలసిందే, అయితే శిక్ష కన్నా ముందు బయటికి పోయి కూర్చోవడానికి ఒక చోటు, పోతానని చెప్పడానికి ఒక సైగ ఏర్పాటు చేయాలి.

ఇక పిల్లలు నోరు విప్పి చెప్పని సంగతి ఒకటి ఉంటుంది. ఐదేళ్ళ లోపు పిల్లలకు చావు అంటే మళ్ళీ తిరిగి రాకపోవడమని పూర్తిగా అందదు. తొమ్మిదేళ్ళవాడికి అది అందుతుంది, కానీ జరిగినదానికి కారణం తానేనని లోపల్లోపల లెక్క వేసుకుంటాడు. వివరాలు మార్చి ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. తండ్రి మీద దాడి జరిగినప్పుడు వాడు దుకాణానికి పోయి ఉన్నాడు. నా గదిలో బొమ్మ గీయమంటే దుకాణాన్ని కాగితం నిండా గీశాడు, ఇల్లు ఒక మూలన చీమంత ఉంది. దుకాణం ఎందుకంత పెద్దగా ఉందని అడిగితే, "అక్కడ గోటీలాడిన. జల్ది పోతే మంచిగుండు" అన్నాడు. చావు జరిగి ఏడాది అవుతున్నా ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. "నీ తప్పేం లేదు బిడ్డా" అని ఊరికే అంటే అట్లాంటి పిల్లవాడు తల ఊపుతాడు, నమ్మడు. నేను చింతగింజలు పది చేతికిచ్చి, బాపు చావుకు ఎవరెవరి పాలు ఎంతో ఆ లెక్కన వాళ్ళ పేర్ల ముందు పెట్టమన్నాను. తన పేరు ముందు ఆరు పెట్టుకున్నాడు. ఆయుధం తెచ్చింది ఎవరు, కొట్టాలని ముందే అనుకున్నది ఎవరు, ఏడేళ్ళ పిల్లవాడు ముగ్గురు మగవాళ్ళను ఆపగలడా అని ఒక్కొక్కటే మాట్లాడుకుంటూ పోతే గింజలు ఒకటొకటిగా కదిలాయి. ఒక గింజ మాత్రం చాలా వారాలు తన దగ్గరే ఉంచుకున్నాడు, నేను బలవంతపెట్టలేదు. మీవాడు కూడా మోటరు దగ్గర నిలబడి తానేమీ చేయలేకపోయానని అనుకుంటూ ఉండవచ్చు. "అప్పుడు నువ్వేం చేయాల్సి ఉండెనని నీకు అనిపిస్తది?" అని ఒకసారి మెల్లగా అడిగి, చెప్పింది మధ్యలో ఆపకుండా వినండి. చెప్పకపోతే ఆ రోజుకు వదిలేయండి.

చిన్నదాని సంగతి ఆలస్యం చేయకూడదు. పరకాల, జమ్మికుంట నుంచి జగిత్యాల, సిరిసిల్ల దాకా తండ్రి గల్ఫ్‌లో ఉండడం పిల్లలకు కొత్త కాదు కనుక ఈ అబద్ధం మన దగ్గర సులువుగా అతుకుతుంది. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. దుబాయి పోయిన తండ్రులు వీడియో కాల్ చేస్తారు, ఊరికి వచ్చేవాళ్ళతో చాక్లెట్లు, బొమ్మలు పంపిస్తారు, సెలవు మీద వస్తారు. ఈ పిల్ల బాపు వీటిలో ఏదీ చేయడు. అప్పుడు ఐదేళ్ళ బుర్రకు తోచే సమాధానం ఒక్కటే: బాపుకు నా మీద కోపమొచ్చింది. పైగా ఈ అబద్ధాన్ని కాపాడే కాపలా పనిని మీరు తొమ్మిదేళ్ళవాడి నెత్తిన పెట్టారు. వాడు చెల్లెలి ముందు ఏడవలేడు, బాపు పేరు ఎత్తలేడు. వాడు మౌనంగా ఉండడానికి ఇది కూడా ఒక కారణం అయి ఉంటుంది.

చెప్పవలసింది తల్లి. ఆమె గొంతు పెగలకపోతే ఆమె పక్కన కూర్చొని ఉండగా మీరు చెప్పండి. అంతకు ముందు రోజు పిల్లవాడితో, "రేపు చెల్లెకు నిజం చెప్తున్నం, ఇంక నువ్వు దాచిపెట్టే పని లేదు" అనండి. పొద్దున పూట, చుట్టాలు లేనప్పుడు, పిల్ల కడుపు నిండా తిన్నాక, మీ ఇంటి మాటలోనే, దాదాపు ఇట్లా చెప్పండి: "బిడ్డా, బాపు దుబాయిల లేడు. నీకు దుఃఖమైతదని మేం అట్ల చెప్పినం. బాపు సచ్చిపోయిండు. కొందరు మనుషులు బాపును బాగ కొట్టిన్రు, బాపు పానం పోయింది. సచ్చిపోయినోళ్ళకు నొప్పి ఉండది, ఆకలి కాదు, మల్ల లేచి రారు. కొట్టినోళ్ళను పోలీసులు పట్టుకపోయిన్రు. నువ్వేం చెయ్యలే. నువ్వు, అన్న, అమ్మ మా దగ్గర్నే ఉంటరు." ఇంతే చాలు. ఆయుధం, గాయం, రక్తం వివరాలు ఆమె అడిగితే తప్ప అవసరం లేదు, అడిగినా ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. "నిద్రపోయిండు" అంటే ఆ పిల్ల రాత్రి పడుకోవడానికి భయపడుతుంది. "దేవుడు తీస్కపోయిండు" అంటే దేవుడి గది దగ్గరికి పోదు. విని కాసేపు ఊరుకొని, "నేను ఆడుకోను పోనా?" అని అడిగితే మనసు లేదనుకోకండి, ఆ వయసులో దుఃఖం అట్లా ముక్కలు ముక్కలుగానే వస్తుంది. రేపు మళ్ళీ అడుగుతుంది, బతుకమ్మ పండుగకు బాపు వస్తాడా అని ఇంకో నెలకు అడుగుతుంది. ప్రతిసారీ అదే జవాబు, అవే మాటల్లో చెప్పండి.

నిందితులు ఇక ఎన్నడూ బయటికి రారని మాత్రం ఇద్దరికీ మాట ఇవ్వకండి. విచారణ సాగుతుండగా బెయిలు రావచ్చు. అట్లా వచ్చినప్పుడు పిల్లవాడు ఆ మనిషిని బజారులో చూసి తెలుసుకోవడం కన్నా మీ నోట ముందుగా వినడం మేలు. "వాళ్ళు బయటికి వచ్చిన్రు, మనం పోలీసులకు చెప్పినం, బడికి నేనే దింపుత, నేనే తెస్త" అన్నంత కచ్చితంగా చెప్పాలి.

పక్క తడపడానికి తిట్టడం, నలుగురిలో చెప్పి నవ్వడం, బట్టలు వాడితోనే ఉతికించడం చేయకూడదు. భయం తగ్గితే అదీ తగ్గుతుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చే నిద్రమాత్రలు వద్దు; ఆప్తులను పోగొట్టుకున్న పిల్లలకు, వేరే మానసిక జబ్బు ఏదీ లేనప్పుడు, బెంజోడయాజెపైన్ అనే రకం నిద్రమాత్రలు ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లోనే స్పష్టంగా చెప్పింది. అమ్మమ్మ దర్గాలో తాయెత్తు కట్టించిందని మీరు కొంచెం సిగ్గుపడుతూ రాశారు. కట్టనీయండి, నాకేమీ అభ్యంతరం లేదు, దాన్ని చూపించి చికిత్స మానకుంటే చాలు. దానికన్నా నాకు భయంగా ఉన్నది ఫోన్లు. ఘటనాస్థలం వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందని రాశారు కదా, ఇంట్లో ఉన్న ప్రతి ఫోనులోంచి దాన్ని తీసేయండి. సాక్షిగా గాని బాధితుడిగా గాని ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టడం 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. మైకు పట్టుకొని వచ్చే యూట్యూబ్ చానళ్ళవాళ్ళకు ఈ సెక్షన్ నంబరు చెప్పడానికి వెనకాడకండి.

పిల్లవాడి తాత "పెద్దయినంక నువ్వే బదులు తీర్చుకోవాలె" అంటున్నాడన్న మాట చదివి నేను కాసేపు ఆగాను. కొడుకును పోగొట్టుకున్న ముసలాయన దుఃఖం అది, ఆయనతో తగువు పెట్టుకోవద్దు. కానీ ఆ మాట పిల్లవాడి చెవిలో పడిన ప్రతిసారీ ఆ రోజు పొలం దగ్గర చేయలేకపోయిన పని ఒకటి బాకీ ఉందని వాడికి చెప్పినట్లవుతుంది. ఆయనను ఒంటరిగా కూర్చోబెట్టి, నేరం చేసినవాళ్ళ సంగతి చూడవలసింది కోర్టు, పెద్దలం మనం, తొమ్మిదేళ్ళవాడు కాదని గట్టిగా చెప్పండి. వాడికి కోపం వస్తే రానీయండి. కోపం తప్పు కాదని, దానితో చేసే పనిలోనే తప్పొప్పులు ఉంటాయని వాడు వినాలి.

ఇక చికిత్స. ఇట్లాంటి పిల్లల విషయంలో ఎక్కువ ఆధారాలు ఉన్న పద్ధతిని టీఎఫ్-సీబీటీ (ట్రామా-ఫోకస్డ్ కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారు, అంటే ఆఘాతం తిన్న పిల్లల ఆలోచనలను, నడవడికను మాటల ద్వారా సరిచేసే చికిత్స. మూడేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉన్నవాళ్ళ కోసం అమెరికాలో రూపొందించిన ఈ పద్ధతిలో వారానికి ఒకసారి చొప్పున సుమారు 12 నుంచి 25 సార్లు కూర్చోవలసి ఉంటుంది, ప్రతిసారీ పిల్లవాడితో ఎంతసేపు గడుపుతామో పెంచే పెద్దవాళ్ళతోనూ దాదాపు అంతసేపు గడుపుతాం. ఇది పెద్ద నగరాల ఆసుపత్రులకే చెల్లుతుందన్న అనుమానం అక్కరలేదు. కెన్యా, టాంజానియాల్లో తల్లినో తండ్రినో కోల్పోయిన 640 మంది పిల్లలతో చేసి 2020లో ప్రచురించిన పరిశీలనలో ఈ చికిత్సను నడిపించినవాళ్ళు తర్ఫీదు పొందిన స్థానికులే గాని డాక్టర్లు కారు. ముఖ్యంగా కెన్యాలో ఫలితం బాగుంది, ఏడాది తరువాత కూడా నిలిచింది.

మొదటి కొన్ని వారాలు హత్య ప్రసక్తే రాదు. భయం వచ్చినప్పుడు ఒంట్లో ఏమవుతుందో పిల్లవాడు గుర్తుపట్టడం, ఊపిరిని నెమ్మది చేసుకోవడం, కోపం, సిగ్గు, దిగులు వేరువేరని తెలుసుకోవడం నేర్పుతాం. ఆ తరువాతే జరిగినదాన్ని కొద్దికొద్దిగా చెప్పిస్తాం. వాడు చెబుతుంటే నేను రాస్తాను, మొదటి పేజీలో బాపు ఎట్లాంటివాడు, ఏ పాట పాడేవాడు, ఏం కూర ఇష్టపడేవాడు అన్నవే ఉంటాయి. ఆ రోజు పొద్దున లేచిన దగ్గర నుంచి మొదలై కథ పొలం దాకా వచ్చేసరికి కొన్ని వారాలు పడుతుంది. ఎక్కడ గుండె దడ పెరిగితే అక్కడ ఆపి, దడ తగ్గాక మళ్ళీ చదువుతాం. చివరకు వాడు ఆ పుస్తకాన్ని తల్లికి చదివి వినిపిస్తాడు. తల్లి దాన్ని కుప్పకూలకుండా వినగలిగేటట్లు ఆమెను ముందే వేరుగా సిద్ధం చేస్తాం, ఎందుకంటే అమ్మ తట్టుకుంటుందని చూస్తే తప్ప పిల్లవాడు తన దగ్గరున్నదంతా బయట పెట్టడు. మోటరు చప్పుడు సంగతి కూడా ఇట్లాగే మెట్టుమెట్టుగా చూస్తాం, ముందు ఫోనులో రికార్డు చేసిన చప్పుడు, తరువాత పక్కవాళ్ళ ఇంటి మోటరు, చాలాకాలానికి పొలం. ఇంట్లో మీరు సొంతంగా వాడిని పొలానికి తీసుకుపోయి ధైర్యం నేర్పబోకండి. వచ్చిన ప్రతి చుట్టం ముందు ఆ రోజు ఏం జరిగిందో చెప్పించడం కూడా చికిత్స కాదు, పుండు రేపడమే.

భయం తగ్గాక దుఃఖం ఎక్కువవుతుంది. వాడు అప్పుడు ఎక్కువ ఏడుస్తాడు, తల్లులు చాలామంది ఇక్కడే కంగారుపడి చికిత్స మానేస్తారు, బస్సు కిరాయి, కూలి పోవడం కూడా తోడవుతాయి. నిజానికి ఫొటో గదిలోకి పోయి ఏడవగలగడం బాగుపడుతున్న గుర్తు. అప్పుడు మన ఆచారాలు బాగా ఉపయోగపడతాయి. పెత్తర అమావాస్య నాడు బాపు పేరున ఏం వండాలో పిల్లలనే అడగండి. అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ కనుక ఇంట్లో ఏడుపూ పండుగా కలిసే వస్తాయి, చిన్నదాన్ని పూలు పేర్చనీయండి, ఎవరైనా ఏడాది కాలేదు పండుగేమిటని అంటే ఆ మాట పిల్ల మీద పడకుండా మీరు కాచుకోండి. ఏడాది మాసికానికి ముందు రెండు మూడు వారాల పాటు పాత లక్షణాలు మళ్ళీ తలెత్తవచ్చు, దానికి బెదరవద్దు.

గురుకులం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఈ ఏడాది వద్దు. గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు ఎందరో అనాథ పిల్లలకు అన్నం, చదువు ఇచ్చి నిలబెట్టాయి, వాటి మీద నాకు గౌరవమే ఉంది. కానీ పక్క తడుపుతున్న పిల్లవాడిని నలభై మంది పడుకునే హాలులో వేస్తే ఏమవుతుందో మీరే ఊహించగలరు. ఇప్పుడే తండ్రిని పోగొట్టుకున్నవాడికి తల్లి నుంచి దూరంగా పంపడం రెండో శిక్షలాగా తోస్తుంది. లక్షణాలు తగ్గి, వాడే పోతానంటే అప్పుడు ఆలోచించవచ్చు. ఖర్చే అసలు ఇబ్బంది అయితే జిల్లా బాలల సంరక్షణ విభాగంలో, పిల్లల రక్షణ కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టండి, అర్హులైన పిల్లలకు నెలకు 4000 రూపాయలు వస్తుంది, భర్త పోయిన తల్లుల పిల్లలకు ఇది వర్తిస్తుంది. బాధితుల పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు వేరుగా పెట్టాలి. ఇంతకు ముందు నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 357ఏ కింద ఉన్న ఈ ఏర్పాటు ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షన్.

సాక్ష్యం విషయానికి వస్తే, తొమ్మిదేళ్ళవాడు సాక్షిగా పనికిరాడన్న నియమం ఏదీ లేదు. ప్రశ్న అర్థం చేసుకొని జవాబు చెప్పగలడా అన్నదే కోర్టు చూస్తుంది. పన్నెండేళ్ళ లోపువాళ్ళు ప్రమాణం అంటే ఏమిటో గ్రహించలేకపోతే ప్రమాణం లేకుండానే సాక్ష్యం తీసుకోవచ్చు. విచారణ కోసం పదిహేనేళ్ళ లోపు పిల్లవాడిని పోలీసులు స్టేషనుకు రమ్మనకూడదు, ఉన్న చోటికే వాళ్ళు రావాలి. పిల్లలు నిందితులకు ఎదురుపడకుండా సాక్ష్యం చెప్పే ప్రత్యేక కేంద్రాలు ప్రతి జిల్లాలో ఉండాలని సుప్రీంకోర్టు 2022 జనవరిలో ఆదేశించింది; ఆ గదిలోనే వాడి సాక్ష్యం తీసుకునేటట్లు పబ్లిక్ ప్రాసిక్యూటరుతో ముందుగానే దరఖాస్తు వేయించండి. చికిత్స జరుగుతున్నదని ఆయనకు తెలియజేయండి. నేను కథ చెప్పించేటప్పుడు వాడి నోట మాటలు అందించను, వాడు అన్నదే రాస్తాను. మీరు కూడా ఇంట్లో "ఇట్ల చెప్పాలె" అని వల్లె వేయించకండి, అది పిల్లవాడికీ నష్టం, కేసుకూ నష్టం. కోర్టులో "నాకు యాది లేదు" అనే హక్కు తనకు ఉందని మాత్రం వాడికి తెలిసి ఉండాలి.

మీ చెల్లెలి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, రాత్రంతా కూర్చొనే ఉంటుందని. పిల్లలు తేరుకోవడం పెంచే మనిషి తేరుకోవడాన్ని పట్టి ఉంటుంది కనుక ఆమెకు కూడా వేరుగా వైద్యం అవసరమని నా ఉద్దేశం. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ముందు ఆమెను చూపించండి. మానసిక ఇబ్బందుల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లల రక్షణకు సంబంధించిన ఆపద ఏదైనా వస్తే 1098కు ఫోను చేయండి. పిల్లవాడు "నేను కూడా బాపు దగ్గరికి పోత" అంటే దాటవేయకుండా, "సచ్చిపోవాలని అనిపిస్తున్నదా?" అని నేరుగా అడగండి; అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునన్నా, తనను తాను గాయపరుచుకున్నా, తిండి పూర్తిగా మానేసినా ఓపీ రోజు కోసం ఆగకుండా అదే పూట ఆసుపత్రికి తీసుకుపోవాలి. అట్లాంటిదేమీ లేకపోతే మొదటిసారి పిల్లలను తీసుకురాకుండా మీరూ మీ చెల్లెలే రండి, ఆమె పిల్లల ముందు అనలేని మాటలు కొన్ని ఉంటాయి, ముందు అవి వినాలి.